పైన ఫ్యాను పెట్టే ముందు చూరు కింద చూడండి

ప్రశ్న: మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2006లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు. వేసవిలో కింద చల్లగానే ఉంటుంది కానీ, పై పడకగదులు సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా కొలిమిలా ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చిన మామగారు ‘మా ఊరి ఎండే నయమమ్మా’ అంటున్నారు. ఈమధ్య వడగళ్ళ వానకు కప్పు మీది పలకలు, అదే షింగిల్స్, దెబ్బతింటే ఇన్సూరెన్సువాళ్ళు కప్పు మార్చడానికి ఒప్పుకున్నారు. కప్పు వేసే ఆయన వచ్చి చూసి, అటకలో (పై సీలింగుకూ కప్పుకూ మధ్య ఖాళీలో) గాలి ఆడటం లేదు, రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టించుకుంటే వేడంతా లాగేస్తాయి అంటున్నారు. ఇంటిని వెచ్చబెట్టే మా ఫర్నేసు, గ్యాసు వాటర్ హీటరు అటకలోనే ఉన్నాయి. నేనూ ఒకసారి ఎక్కి చూశాను. బాత్రూం పైభాగంలో చెక్కల మీద నల్లటి మచ్చలున్నాయి. పోయిన దసరాకు కొలువు బొమ్మలు దించుతుంటే మా అమ్మాయి ‘అటకంతా ఇంగువ వాసన’ అని నవ్వింది. ఫ్యాన్లు పెట్టించమంటారా?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు ఫ్యాన్ల మాట: పెట్టించకండి. కప్పు పని మొదలయ్యేలోగా మీ అటకలో చూడవలసినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిదాన్ని మీ అమ్మాయి నవ్వుతూ నవ్వుతూనే పట్టేసింది.

అటకలో ఇంగువ వాసన వస్తోందంటే వంటింటి పొగ అక్కడికే చేరుతోంది. పొయ్యి మీద పొగ లాగే హుడ్ నుంచి బయలుదేరిన రేకు గొట్టం గోడలోంచి పైకెక్కి, అటకను దాటుకుని, నెత్తిన ఒక టోపీతో కప్పు మీద తేలాలి. మీ ఇంట్లో అది మధ్యలో ఊడిపోయి ఉండాలి, లేదా కట్టినవాళ్ళు కప్పుదాకా తీసుకెళ్ళకుండానే వదిలేసి ఉండాలి. గొట్టం వెంట టార్చి వేసుకుని వెళితే చివర ఎక్కడుందో తెలిసిపోతుంది. రోజూ తిరగమోత పెట్టే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. నూనె ఆవిరి, వేడిని ఆపడానికి సీలింగు మీద పరిచిన ఇన్సులేషన్ మీద జిడ్డుగా పేరుకుంటుంది, ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది, పక్కనే ఫర్నేసులో గ్యాసు మంట వెలుగుతుంటుంది. వంటింటి గొట్టమైనా, బాత్రూం ఫ్యాను గొట్టమైనా, బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ గొట్టమైనా ఇంటి బయటే తేలాలని అక్కడి గృహనిర్మాణ నియమాలు చెబుతున్నాయి. అటకలో వదిలేయడానికి వీల్లేదు. ఒకవేళ మీ హుడ్‌కు గొట్టమే లేక, పొగను వడగట్టి తిరిగి వంటింట్లోకే వదిలే రకమైతే, ఆ వాసన సీలింగు సందుల గుండా పైకి వెళుతోందన్నమాట. ఆ సందుల సంగతికి తరువాత వస్తాను.

బాత్రూం పైన నల్లమచ్చలదీ దాదాపు ఇదే కథ. ఎగ్జాస్ట్ ఫ్యానుకు తగిలించిన మెత్తటి గొట్టం జారి ఇన్సులేషన్ మీద పడి ఉంటుంది. ఎండాకాలంలో దాని వల్ల పెద్దగా ఏమీ కాదు. జనవరి రాత్రుల్లో మాత్రం కప్పు చెక్క బయటి చలికి చల్లబడి ఉంటుంది. కింద ఎవరో వేడినీళ్ళ స్నానం చేస్తారు, ఆ ఆవిరి పైకి వచ్చి చల్లటి చెక్కకు తగులుతుంది. మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టినట్టు చెక్కకు చెమట పడుతుంది. షింగిల్స్ కొట్టిన మేకుల మొనలు లోపలికి పొడుచుకుని ఉంటాయి కదా, ఒకసారి వాటిని చూడండి. తుప్పు పట్టి, ప్రతి మేకు కింద ఇన్సులేషన్ మీద చిన్న గోధుమరంగు చుక్క ఉంటే నేను చెప్పిందే జరుగుతోంది. ఆ తడికే బూజు నల్లగా పట్టింది. చెక్కను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టిగా ఉంటే గొట్టం బాగుచేయించి ఆరనిస్తే చాలు. మెత్తగా దిగితే ఆ పలకను ఇప్పుడే, కొత్త కప్పుతోపాటే మార్పించండి.

ఇక వేడి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకు 38 సెల్సియస్ ఉన్న రోజున అటకలో 130, 140 దాకా వెళ్ళడం మామూలే. ఆ వేడిగాలిని తోడేస్తే గది చల్లబడుతుందని అనిపిస్తుంది. కానీ గదికి చేరే వేడిలో పెద్ద వాటా గాలిది కాదు, కాలిన కప్పు చెక్క కిందికి చిమ్మే సెగది. కుంపటి ముందు కూర్చుని విసనకర్ర ఊపుకుంటే గాలి తగులుతుంది కానీ సెగ తగ్గదు. అటకకు గాలి ఆడాలి, కాదనను. చెమ్మ ఆరడానికి అది తప్పనిసరి, షింగిల్స్ కంపెనీలు వారంటీకి అడిగేదీ అదే. వేడిని కూడా కొంత తగ్గిస్తుంది. పై గదులను కాపాడే పని మాత్రం ప్రధానంగా ఇన్సులేషన్‌ది, ఏసీ గొట్టాలది.

కరెంటు ఫ్యాన్ల మీద నాకున్న కోపం అనుభవంతో వచ్చింది. మా మొదటి ఇంట్లో ఒక కప్పు కంపెనీవాళ్ళ మాట విని నేనూ ఒకటి పెట్టించాను. పెద్ద చప్పుడుతో బ్రహ్మాండంగా తిరిగేది. నెల చివర ఏసీ బిల్లు తగ్గకపోగా నాలుగు డాలర్లు పెరిగింది. ఒకరోజు హాల్లో సీలింగు లైటు పక్కన అగరుబత్తి పట్టుకుని చూశాను. పొగ నిటారుగా పైకి లేచి, లైటు అంచున ఉన్న సందులోకి దారం ఎక్కినట్టు ఎక్కిపోయింది. ఫ్యానుకు గాలి కావాలి. చూరు వైపు దారులు మూసుకుపోయి ఉన్నాయి. దగ్గరలో దొరికింది మేము డబ్బు పోసి చల్లబరచుకున్న ఇంటి గాలి. అంతటితో ఆగలేదు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఫ్యాను ఇంటి గాలిని లాగుతుంటే గ్యాసు వాటర్ హీటరు పొగ తన గొట్టంలో పైకి పోకుండా వెనక్కి తన్నింది. ఆ రోజే ఫ్యాను తీగ కోయించాను. మీకు ఫర్నేసు, హీటరు రెండూ అటకలోనే ఉన్నాయంటున్నారు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. సోలార్ ఫ్యాను అయితే కరెంటు ఖర్చు ఉండదని ఎవరైనా అంటే, లాగే గాలి ఎక్కడి నుంచి వస్తుందో వారినే అడగండి.

గాలి రావలసింది చూరు నుంచి. మన పెంకుటింటి చూరు గుర్తు తెచ్చుకోండి. వాసాల మధ్య పిచ్చుకలు దూరేంత సందు ఉండేది, పెంకుల మధ్య అంతా సందే. ఎవరూ లెక్క వేయకుండానే కింద నుంచి గాలి దూరి పైన పెంకుల్లోంచి పోయేది. మీ ఇంటి కప్పు చెక్క పలకలు, తారు కాగితం, షింగిల్స్‌తో బిగించిన మూత. అందుకే చూరు అడుగున సాఫిట్ జాలీలు, పైన వాలులు కలిసే నడికొప్పు దగ్గర గాలి పోయే వెంట్లు పెట్టి ఆ దారిని చేతితో కల్పించవలసి వస్తుంది. వేడెక్కిన గాలి తనంతట తానే పైకి పోతుంది, దాని వెనక చూరు నుంచి కొత్త గాలి వస్తుంది. కింది దారి మూసుకుపోతే పైన ఎన్ని రంధ్రాలు చేసినా బోర్లించిన బిందెకు చిల్లు పెట్టినట్టే. మాటల్లో మాట, అటక, అటిక్ వినడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కానీ పుట్టిళ్ళు వేరు. ఇంగ్లీషువాళ్ళ మాట గ్రీసులోని అట్టికా నుంచి వచ్చింది. మన అటక ఇత్తడి గుండిగలకూ, జాడీలకూ గది లోపలే ఉండే చోటు. కప్పు కింద ఇలా బిగించిన ఖాళీ మనకు అలవాటు లేదు. అందుకే మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు వంటింటి గ్రానైటు చూస్తారు, తూర్పు గుమ్మం చూస్తారు, అటక నిచ్చెన మాత్రం దించరు.

ఈ వారాంతంలో ఎక్కి చూడండి. ఉదయం ఎనిమిది లోపే, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, ఒళ్ళంతా కప్పే బట్టలతో. అడుగు దూలాల మీదే వేయాలి. మధ్యలో వేస్తే సీలింగు పలక (డ్రైవాల్) పగిలి మీ కాలు పడకగదిలో వేలాడుతుంది, ఇది వేళాకోళం కాదు. ఇద్దరు ఉండటం మంచిది, ఒకరు నిచ్చెన దగ్గర. పైకి చేరాక టార్చి ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. చూరు పొడవునా వాసాల మధ్య నుంచి సన్నటి వెలుతురు గీతలు కనిపించాలి. కనిపించని చోటల్లా దారి మూసుకుపోయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే సాధారణంగా కనిపించేది ఒకటే దృశ్యం: ఇన్సులేషన్ ఊదినవాళ్ళు చూరు మూలదాకా ఊదేసి, దాన్ని కప్పు చెక్కకు ఆనించేసి ఉంటారు.

దానికి మందు బ్యాఫిల్. థర్మోకోలు లాంటి నురుగుతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన దొన్నె ఆకారపు పలక, రెండు వాసాల మధ్య కప్పు చెక్కకు స్టాపులరుతో కొట్టేస్తారు. ఇన్సులేషన్ కింద ఆగిపోతుంది, పైన గాలి పోవడానికి సందు మిగులుతుంది. ఆ సందు కనీసం ఒక అంగుళం ఉండాలని నియమం. రెండంగుళాలు ఉంటే ఇంకా మంచిది. వస్తువు ఖరీదు కొద్ది డాలర్లే. కష్టమంతా ఆ మూలలోకి పొట్ట మీద పాకడమే. నాలుగు వాలుల కప్పులో మూలలు మరీ ఇరుకు, అక్కడికి చేయి కూడా పోదు. ఎలాగూ మీ కప్పు విప్పుతున్నారు కనుక, పాడైన చెక్క మార్చేటప్పుడు చూరు వైపు ఒక పలక వరస ఎత్తించి, పై నుంచే బ్యాఫిల్స్ పెట్టించవచ్చేమో అడగండి. కష్టం సగానికి తగ్గుతుంది.

చూరును బయటి నుంచి కూడా చూడండి. ఇంటికి రంగు వేసిన ప్రతిసారీ సాఫిట్ జాలీల మీద కూడా పిచికారీ కొట్టేస్తారు. ఇరవై ఏళ్ళలో రెండు మూడు పూతలు పడి కళ్ళు పూడిపోతాయి. కింద నుంచి జాలీలాగే ఉంటుంది, వేలు పెట్టి చూస్తే అట్ట. వాటిని గీకుతూ కూర్చోకండి, కొత్తవి కొని మార్చేయండి.

లెక్క కొంచెం చెప్పాలి, లేకపోతే కప్పు ఆయన దగ్గర మాట నిలవదు. అటక నేల వైశాల్యంలో 300వ వంతు గాలి దారి ఉండాలి, అందులో సగం దాకా పైన, మిగిలింది కింద. ఇలా పైకీ కిందికీ పంచకపోతే 150వ వంతు, అంటే రెట్టింపు కావాలి. మీ అటక 1,500 చదరపు అడుగులు అనుకుందాం. 300తో భాగిస్తే 5 చదరపు అడుగులు, అంటే 720 చదరపు అంగుళాలు. పైన 360, కింద 360. ఇది రంధ్రం కొలత కాదు, గాలికి నిజంగా మిగిలే ఖాళీ. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న సాఫిట్ జాలీ మొత్తం 128 చదరపు అంగుళాలైనా, రేకు మడతలు, వల పోగా మిగిలేది దాదాపు సగమే. కనుక కింద ఆరు చాలవచ్చునని కాగితం చెబుతుంది. నేనైతే పది పెట్టిస్తాను. కింద ఎక్కువైతే నష్టం లేదు. పైన ఎక్కువై కింద తక్కువైతే ఆ లోటు మీ పడకగదుల నుంచి తీరుతుంది.

పైన ఏమి పెట్టించాలన్నది మీ కప్పు ఆకారం తేలుస్తుంది. నడికొప్పు పొడవునా పెట్టే రిడ్జ్ వెంట్ మంచిదే, అడుగుకు సుమారు 18 చదరపు అంగుళాలు ఇస్తుంది, 360కి 20 అడుగుల నడికొప్పు కావాలి. నాలుగు వాలుల ఇళ్ళలో నడికొప్పు పొట్టిగా ఉంటుంది, మీది పది పన్నెండు అడుగులకు మించకపోవచ్చు. అలాంటప్పుడు దాన్ని వదిలేసి, వెనక వాలులో పైభాగాన ఒకే ఎత్తులో పెట్టెల్లాంటి ఏడెనిమిది బాక్స్ వెంట్లు పెట్టించండి. ఒక్కోటి 50 చదరపు అంగుళాల చొప్పున సరిపోతాయి. వీధి వైపు పెట్టేటట్టయితే మీ కాలనీ సంఘం అనుమతి ముందే తీసుకోండి. ఏది పెట్టినా ఒకే రకం ఉండాలి. పాత కప్పు మీద గిర్రున తిరిగే టర్బైన్లుంటే తీయించి ఆ రంధ్రాలు మూయించండి. రకరకాలవి కలిపితే ఒకదానిలోంచి వచ్చిన గాలి పక్కదానిలోంచి పోతుంది, చూరు దాకా వెళ్ళే అవసరమే దానికి ఉండదు. ఇంకొక మాట: కొత్త వెంటు బిగించారు కానీ కింద చెక్క కోయలేదు అన్న ఇళ్ళు నేను కళ్ళారా చూశాను. షింగిల్స్ కప్పేముందు కోసిన రంధ్రాల ఫోటోలు పంపమనండి. వంటింటి గొట్టానికీ, ప్రతి బాత్రూం గొట్టానికీ కప్పు మీద విడివిడిగా టోపీలు కూడా ఈ పని ఒప్పందంలోనే రాయించండి. తరువాత విడిగా చేయిస్తే కొత్త కప్పుకు చిల్లు పొడిచినట్టవుతుంది.

ఇప్పుడు మామగారి గది. మూడు పనులున్నాయి, ఈ వరసలోనే చేయించండి. మొదట సీలింగు సందులు: లైట్ల అంచులు, గొట్టాలు, తీగలు దూరే చోట్లు, మడతనిచ్చెన తలుపు చుట్టూ ఉన్న ఖాళీ. ఇన్సులేషన్‌ను పక్కకు తోసి చూస్తే దాని అడుగున మురికి పట్టి నల్లగా ఉన్న చోట్లు కనిపిస్తాయి. ఇంటి గాలి పైకి కారుతూ దుమ్మును అక్కడ వదిలిన గుర్తులవి. అలాంటి చోట నురుగు కొట్టించండి. పాత రకం సీలింగు లైట్ల మీద, ఫర్నేసు, హీటరు పొగగొట్టాల చుట్టూ మాత్రం నురుగు వద్దు. అక్కడ వేడికి తట్టుకునే రేకు, సీలెంట్ వాడతారు, తెలిసినవారితోనే చేయించాలి. రెండవది ఏసీ గొట్టాలు. చల్లగాలిని గొట్టాల్లోకి తోసేదీ ఫర్నేసు ఫ్యానే కనుక, అది అటకలో ఉందంటే ఆ గొట్టాలన్నీ 140 డిగ్రీల వేడిలో పడుకుని ఉన్నాయి. మామూలు ఇళ్ళలో గొట్టాల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం అతుకుల దగ్గరే పోతుందని లెక్క. గుడ్డ టేపు ఆ వేడికి ఎండి ఊడిపోతుంది. మాస్టిక్ అనే ముద్ద పూయించండి. నా అనుమానం, పై గదులకు పోవలసిన చల్లగాలిలో మంచి భాగం మీ కొలువు బొమ్మలే అనుభవిస్తున్నాయి.

మూడవది ఇన్సులేషన్ మందం. రూలరు గుచ్చి చూడండి. వేడిని ఆపే శక్తిని ‘ఆర్’ అంకెతో కొలుస్తారు. ఊదిన ఫైబర్‌గ్లాస్ అయితే ఆర్-38 రావడానికి సుమారు 14 నుంచి 16 అంగుళాలు కావాలి. 2021 ఇంధన నియమావళి మీ ప్రాంతంలో కొత్త ఇళ్ళకు ఆర్-49 అడిగింది. ఎనిమిది తొమ్మిది అంగుళాలే ఉంటే ఫ్యాన్ల డబ్బు ఇందులో పెట్టండి. మిగిలితే వాసాల అడుగున సెగను తిప్పికొట్టే మెరుపు రేకు, రేడియంట్ బ్యారియర్, కొట్టించుకోవచ్చు. ఎండ ప్రాంతాల్లో అది చల్లదనం ఖర్చును 5 నుంచి 10 శాతం తగ్గిస్తుందని అమెరికా ఇంధన శాఖ అంటుంది. ఇన్సులేషన్ మీద పరచడం మాత్రం వద్దు, దుమ్ము పడగానే మెరుపు పోతుంది, మెరుపు పోతే పనీ పోతుంది.

ఇదంతా మీ కప్పు చెక్కకు అడుగున నురుగు ఊది లేదన్న లెక్కతో చెప్పాను. ఉంటే అది గాలి ఆడకూడని అటక, అక్కడ వెంట్లు పెట్టడమే తప్పు. మీకు చెక్క మీది మచ్చలు కనిపించాయి కనుక లేనట్టే. చలికాలంలో వెంట్లు మూసేయాలా అని 2021 ఫిబ్రవరిలో గొట్టాలు గడ్డకట్టి పగిలినప్పటి నుంచి టెక్సస్‌లో చాలామందికి సందేహం. మూయకండి, మీ మచ్చలు చలికాలంలో పుట్టినవే. అటకలో నీళ్ళ గొట్టాలుంటే వాటికే తొడుగు వేయించండి.

మన ఊళ్ళ నుంచి చదివేవారికి ఒక్క మాట. పెంకుటింటికి కింద పీవీసీ, జిప్సం సీలింగు కొట్టించుకుని, పైనంతా సిమెంటుతో పూడ్పించుకున్నవారి ఇంట్లోనూ ఇదే ఉక్క. చూరు వైపు రెండు పక్కలా జాలీలు, గోడ త్రికోణంలో పైన ఒక జాలీ వదలండి. ఉడతలు, గబ్బిలాలు దూరకుండా పావు అంగుళం కళ్ళ వల చాలు.

ఈ పనులన్నీ అయ్యేసరికి ఎండాకాలం దాటిపోతుంది. అందాకా మామగారికి కింది గది ఇచ్చేయండి, మెట్లు ఎక్కే బాధ కూడా తప్పుతుంది. బొమ్మల పెట్టెలు మాత్రం ఈ వారమే దించండి. 140 డిగ్రీల్లో లక్క, మైనం, జిగురు ఏవీ మాట వినవు, కొండపల్లి బొమ్మల అతుకులైతే మరీ. దించాక వాటిని కాగితంలో వదులుగా చుట్టి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. ఇంగువ వాసన అంత తొందరగా పోదు. కాస్త ఓపిక పట్టండి.